మెట్టలో జనం పలుచన: తప్పు నేలది కాదు

విజయవాడ నుంచి బందరు వైపు వెళ్తే ఒక ఊరి చివరి ఇల్లు దాటిన కాసేపటికే మరో ఊరి పేరు రాసిన బోర్డు కనిపిస్తుంది. అదే విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా తిరువూరు దారి పట్టి జి.కొండూరు మండలంలోకి వస్తే ఊళ్ల మధ్య ఎడం పెరుగుతుంది. ఒకపక్క కొండపల్లి అడవి కొండలు, మరోపక్క మామిడి తోటలు, పత్తి చేలు. నందిగామ, జగ్గయ్యపేట వైపు వెళ్లినా ఇదే తీరు. మునేరు పొడుగునా నల్లరేగడి, ఎగువన ఎర్రనేలలు, సున్నపురాయి గుట్టలు, వాటి నడుమ విడివిడిగా ఊళ్లు. డెల్టా, మెట్ట రెండూ మొన్నటిదాకా ఒకే కృష్ణా జిల్లా. ఒకే భాష, ఒకే పండగలు, వానలోనూ పెద్ద తేడా లేదు. అయినా ఒకచోట జనం కిక్కిరిసి ఉంటారు, మరోచోట పలుచగా ఉంటారు. ఎందుకని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: అక్కడి నేల సారం అంతే, బతుకు జరగకే జనం చేరలేదు అని. ఈ జవాబులో కొంత నిజం ఉంది, అంతకంటే ఎక్కువ పొరపాటు ఉంది. ఏడాది పొడుగునా తిండికీ నీటికీ భరోసా ఎక్కడ ఉంటే జనం అక్కడికి చేరతారు. ఆ భరోసాను చాలాచోట్ల ప్రభుత్వాలే కల్పించాయి, కొన్నిచోట్ల కల్పించలేదు. కాబట్టి జనం పలుచగా ఉన్న ప్రాంతాన్ని చూసి అది పనికిరాని నేల అనో, ఎవరికీ చెందని ఖాళీ చోటు అనో తీర్మానించడం అన్యాయం.

ముందుగా అంకెలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదరపు కిలోమీటరుకు సగటున 382 మంది నివసిస్తుంటే, ఉమ్మడి కృష్ణా జిల్లాలో 518 మంది నివసించేవారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ఆ సంఖ్య 170. తూర్పు కనుమల మన్యాన్ని కలిపి 2022లో ఏర్పాటు చేసినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు తొమ్మిదిన్నర లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు 80 మంది కూడా లేరు. అయితే సగటు లెక్క చాలా సంగతులను కప్పేస్తుంది. అదే ఏడాది విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లానే తీసుకోండి. సుమారు 3,316 చదరపు కిలోమీటర్లలో 22 లక్షలకు పైగా జనం. చదరపు కిలోమీటరుకు దాదాపు 670 మంది. జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట ఉన్న జిల్లా ఇదే కదా, ఇక్కడ జనం పలుచన ఎక్కడిది అనిపిస్తుంది. కానీ ఇందులో పది లక్షల మందికి పైగా ఉండేది 60 చదరపు కిలోమీటర్ల చిల్లర విస్తీర్ణమున్న ఒక్క విజయవాడ నగరంలో. ఆ నగరాన్ని తీసి లెక్కేస్తే మిగిలిన జిల్లాలో సాంద్రత సుమారు 360కి పడిపోతుంది. ఆ మిగిలినదాంట్లోనూ పట్టణాలను, హైదరాబాదు రహదారి పక్క ఊళ్లను పక్కనబెడితే కొండ అంచు పల్లెల్లో ఇంకా తక్కువ. కాలువ గట్టు నుంచి మెట్టకు, మెట్ట నుంచి కొండకు పోయేకొద్దీ జనం మెట్టుమెట్టుగా తగ్గుతూ పోతారు.

ఈ మెట్లకు వాన కారణమా? కాదని చెప్పడానికి రెండు జిల్లాల పోలిక చాలు. అనంతపురం రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆదిలాబాద్‌లో పడే వాన దానికి దాదాపు రెట్టింపు. వానతోనే జనం వచ్చేటట్లయితే ఆదిలాబాద్ కిక్కిరిసి ఉండాలి. కానీ 2011లో అనంతపురం సాంద్రత 213, ఆదిలాబాద్ సాంద్రత 170. వాన ఎంత పడిందన్నదాని కంటే ఆ నీరు పైరుకు అవసరమైన వారంలో పొలానికి అందుతుందా లేదా అన్నది ముఖ్యం. మెట్ట రైతు విత్తనం వేసి మబ్బు వైపు చూడాలి. డెల్టా రైతు కాలువ వదిలే తేదీ చూసుకుని నారు పోసుకుంటాడు. ఈ ఒక్క తేడా నుంచి మిగతావన్నీ పుట్టుకొస్తాయి. వరి మాగాణికి చేతులు ఎక్కువ కావాలి. నాట్లు, కలుపు, కోత, కుప్పనూర్పు, యంత్రాలు రాకముందు అన్నీ మనుషుల పనులే. సార్వా అయ్యాక దాళ్వా కూడా పండితే ఏడాదిలో రెండుసార్లు పని దొరుకుతుంది. మెట్టలో ఒక కుటుంబం బతకడానికి ఎన్నో ఎకరాలు కావాలి, మాగాణిలో అంతకంటే చాలా తక్కువ సరిపోతుంది. పంటకు భరోసా ఉన్నచోట అప్పు పుడుతుంది, బియ్యం మిల్లు వస్తుంది, దాని చుట్టూ బజారు, బజారు చుట్టూ బడి, ఆసుపత్రి. జనం జనాన్ని లాక్కొస్తారు. ఈజిప్టులో నూటికి 95 మంది దేశ విస్తీర్ణంలో ఇరవయ్యో వంతు మాత్రమే ఉన్న నైలు నది లోయలో, డెల్టాలో ఇరుక్కుని ఉండడానికీ ఇదే కారణం.

డెల్టా ఎప్పుడూ ఇలాగే ఉండేదా?

డెల్టా పుట్టుకతోనే సుభిక్షమైన నేల అని మనకొక నమ్మకం. చరిత్ర అలా చెప్పదు. 1832-33లో వచ్చిన కరువు గుంటూరు, బందరు ప్రాంతాలను ఊడ్చిపెట్టింది. జనం వేలకువేలు చనిపోయారు, మిగిలినవారిలో ఎందరో ఊళ్లు వదిలి వలసపోయారు. నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడూ కృష్ణానది ఇదే దారిన పారుతోంది, ఒండ్రు నేల ఇదే. లేనిది ఆనకట్ట. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలువలు పారాక డెల్టాలో బీళ్లు మాగాణులయ్యాయి, చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిన జనం తిరిగి చేరారు, కొత్త జనం వచ్చారు. ఇవాళ మనం చూస్తున్న డెల్టా జనసమ్మర్దం వయసు నూట డెబ్బై ఏళ్ల పైచిలుకు మాత్రమే. నదికి అడ్డంగా కట్టిన ఒక గోడ, దాని నుంచి తీసిన కాలువలు ఒక ప్రాంతపు తలరాతను తిరగరాశాయి. ఆ కాలువల మట్టం కంటే ఎత్తున ఉన్న మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. అంతే తప్ప, మెట్ట నేలకు శాపమేమీ లేదు.

మెట్ట ఎప్పుడూ వెనకపట్టున ఉన్న ప్రాంతమూ కాదు. జగ్గయ్యపేటలో బయటపడిన బౌద్ధ స్తూపం క్రీస్తు పూర్వపు కాలానిది. అక్కడే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనమూ దొరికింది. స్తూపం కట్టడానికి సున్నపురాయి చెక్కేవాళ్లు, దానమిచ్చే వర్తకులు, భిక్ష పెట్టే గృహస్థులు ఉండాలి. అంటే ఆ రోజుల్లో ఇక్కడ సంపద ఉంది, దారులున్నాయి, జనం ఉన్నారు. అంతకంటే గట్టి సాక్ష్యం కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న కొల్లూరు. పదిహేడో శతాబ్దంలో అక్కడి వజ్రపు గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఆడా మగా పిల్లా కలిపి సుమారు 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ రోజుల లెక్కలో అదొక మహానగరం. వజ్రాలు అడుగంటాయి, జనం చెదిరిపోయారు. తర్వాతి కాలానికి అదొక చిన్న పల్లె. ఇప్పుడది పులిచింతల జలాశయం అడుగున ఉంది. నేల మారలేదు, ఎండా వానా మారలేదు, బతుకుదెరువు మారింది. జనసాంద్రత నేలకు పుట్టుమచ్చ లాంటిదైతే కొల్లూరు కథ జరిగి ఉండేది కాదు.

కాలువ వస్తే జనం వస్తారనడానికి తెలుగువాళ్ల వలసలే రుజువు. మంజీర నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కోస్తా రైతులు నిజామాబాద్ జిల్లాకు తరలివెళ్లి భూములు కొన్నారు. తుంగభద్ర డ్యాము 1953లో పారిన తర్వాత కర్ణాటకలోని గంగావతి, సింధనూరు తాలూకాలకూ అలాగే వెళ్లారు. అప్పటిదాకా అక్కడ జొన్న పండించుకుంటూ దూరదూరంగా ఉన్న ఊళ్ల మధ్య ఇవాళ కాంపులని పిలిచే తెలుగువాళ్ల ఊళ్లు వరసగా కనిపిస్తాయి. ఎవరూ నివసించలేని నేల అనుకున్నది ఒక్క తరంలో వరి మాగాణి అయింది. అయితే ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. నీళ్లొచ్చే ముందు ఆ భూములు అక్కడి మెట్ట రైతులవి. మాగాణి సేద్యానికి కావలసిన పెట్టుబడి, అనుభవం లేక చాలామంది చవగ్గా అమ్ముకున్నారు. కాలువ జనాన్ని పెంచింది, కానీ ఆ లాభం మొదటి నుంచీ ఉన్నవాళ్లకే దక్కుతుందన్న హామీ ఇవ్వలేదు.

రెండు అభ్యంతరాలు

ఇంత చెప్పాక ఒకరు అడగవచ్చు: అపాయం ఉన్నచోట జనం తగ్గరా, సుఖం ఉన్నచోట పెరగరా, ఇదంతా ప్రకృతి పనే కదా అని. దీనికి దివిసీమే జవాబు. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో బందరు, దాని చుట్టుపక్కల సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మృతులు అధికారిక లెక్కల ప్రకారమే పది వేలు దాటారు. మెట్టలో అలాంటి మరణాలు ఎన్నడూ లేవు. సముద్రం మీదపడే భయం ఉన్నా జనం తీరాన్నే అంటిపెట్టుకున్నారు, ఆ భయం లేని మెట్టకు రాలేదు. ఉప్పెన తరానికి ఒకసారి వస్తుంది, ఆకలి రోజూ వస్తుంది. మనిషి రోజువారీ భరోసా కోసం అరుదైన అపాయాన్ని భరిస్తాడు.

రెండో అభ్యంతరం కొండల గురించి. అక్కడ నీళ్లున్నాయి, మట్టి ఉంది, అయినా జనం లేరు, చట్టమే బయటివాళ్లను అడ్డుకుంటోంది, చట్టం తీసేస్తే మన్యం నిండుతుంది అని కొందరి వాదన. మన్యంలో జనం పలుచగా ఉండడానికి చట్టం కంటే పాత కారణాలు రెండున్నాయి. ఒకటి మలేరియా. మన్యపు జ్వరానికి భయపడి మైదానపు ఉద్యోగులు, వ్యాపారులు అక్కడ కాపురం పెట్టడానికి జంకేవాళ్లు. 1953లో దేశవ్యాప్త మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై డి.డి.టి. చల్లకం, దానితోపాటు రోడ్లు వచ్చాకే బయటివాళ్ల వలస ఊపందుకుంది. రెండోది బతుకుతీరు. నల్లమల చెంచులు దుంపలు, తేనె, జిగురు, కాయలు, కొద్దిపాటి పశువుల మీద బతికినవాళ్లు. పెంట అని పిలిచే ఒక్కో చెంచు గూడెంలో నాలుగైదు నుంచి ఇరవై కుటుంబాల దాకా ఉంటాయి. అడవి ఒకచోట ఎక్కువమందిని పోషించదు. తక్కువమంది ఎక్కువ నేల మీద తిరిగితేనే అది మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి మనకు ఖాళీగా కనిపించే అడవి వాళ్ల లెక్కలో నిండుగా వాడకంలో ఉన్న అడవి. ఇక చట్టం సంగతి. 1917లో ఏజెన్సీ భూముల బదిలీ మీద మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో మరింత బిగించారు. గిరిజనుల భూమి అప్పుల కింద చేతులు మారుతుండడం చూశాకే ఇవి వచ్చాయి. తుంగభద్ర కింద మెట్ట రైతులకు లేని రక్షణ ఇది. దాన్ని తీసేస్తే మన్యం నిండవచ్చు. అయితే ఇప్పుడున్నవాళ్లు ఖాళీ అయి వేరేవాళ్లు నిండుతారు.

పలుచటి నేలను పట్టుబట్టి నింపాలని చూస్తే ఏమవుతుందో మన పొరుగునే ఉదాహరణ ఉంది. తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకులను స్థిరపరచడానికి 1958లో కేంద్రం దండకారణ్య పథకం మొదలుపెట్టింది. కోరాపుట్, మల్కన్‌గిరి, బస్తర్ అడవుల్లో వాళ్లకు భూములిచ్చింది. పటంలో చోటు కనబడింది, మనుషులను తెచ్చి కూర్చోబెట్టింది. నదీతీరపు తడినేలల్లో వరి పండించినవాళ్లకు రాతినేల, అనిశ్చితమైన వాన, అలవాటు లేని అడవి మిగిలాయి. 1978లో వేలమంది ఆ శిబిరాలు వదిలి బెంగాల్‌లోని సుందరవనాలకు తిరిగివెళ్లారు. దండకారణ్యంలో ముందునుంచీ ఉన్న గిరిజనులు తమ అడవి తగ్గిపోవడం చూశారు. ఉత్తర్వులతో జనాన్ని తరలించవచ్చు గానీ, బతుకు భరోసా లేనిచోట నిలపలేం.

ఖాళీ అన్న పేరుతో

జనం తక్కువని ముద్ర పడిన ప్రాంతానికి తర్వాత జరిగేది ఇంకొకటి. ఎక్కువమంది ఉన్నచోట పెట్టలేనివన్నీ అక్కడికి వస్తాయి. తీరప్రాంతం, జనవాసం తక్కువ అన్న కారణాలతో 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. దేశానికి అది గర్వకారణమే. కానీ ఆ దీవి నిర్మానుష్యం కాదు. యానాదులు అక్కడ తరాలుగా బతుకుతున్నారు, చాలామంది చోటు వదలాల్సి వచ్చింది. నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు జనం గట్టిగా ఎదురుతిరిగాకే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. జగ్గయ్యపేట పక్కన కృష్ణమీద కట్టిన పులిచింతల ప్రాజెక్టు డెల్టాకు సకాలంలో నీరివ్వడానికి 45 టి.ఎం.సి.లకు పైగా నిల్వ చేస్తుంది. దానికి మునిగినవి గుంటూరు, నల్గొండ జిల్లాల మెట్ట గ్రామాలు. పోలవరం జలాశయం నిండితే సుమారు లక్ష కుటుంబాలు నిర్వాసితులవుతాయి, వాళ్లలో అత్యధికులు మన్యంవాళ్లు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి కృష్ణా మెట్టకు వచ్చేసరికి చివరి ఆయకట్టు అవుతుంది, కొరత ఏడాది ముందుగా ఎండేది చివరి భూమే. 2015 నుంచి పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ దారిన వచ్చి, వెలగలేరు దగ్గరి బుడమేరు మళ్లింపు కాలువలో పడి కృష్ణలో కలుస్తాయి. వెలగలేరు ఉన్నది జి.కొండూరు మండలంలోనే. నీళ్లు మెట్ట గుండా పోతాయి, పారేది డెల్టాకు. మెట్టకోసమని 2008లో మొదలైన చింతలపూడి ఎత్తిపోతల పథకం ఇంకా పూర్తికాలేదు.

ఇక్కడ ఒక బలమైన ప్రశ్న ఎదురవుతుంది. డబ్బు పరిమితమే కదా, వెయ్యిమంది ఉన్న ఊరికీ వందమంది ఉన్న తండాకూ ఒకే రోడ్డు, ఒకే ఆసుపత్రి అంటే మనిషికి పడే ఖర్చు పదింతలు అవుతుంది, ఎక్కువమందికి మేలు జరిగేచోట ఖర్చుపెట్టడం సబబు కాదా అని. తలల లెక్క ఒక్కటే చూస్తే ఇది సబబుగానే కనబడుతుంది. కానీ ఈ లెక్కలో రెండు పద్దులు రాయకుండా వదిలేశారు. మొదటిది, పలుచటి ప్రాంతం దట్టమైన ప్రాంతానికి ఇస్తున్నది. నగరాల ఇళ్లకు పడే సిమెంటు జగ్గయ్యపేట సున్నపురాయిలో ఉంది, కంకర మెట్ట గుట్టల్లో ఉంది, తాగే నీరు మునిగిన ఊళ్ల మీద నిలిచి ఉంది. రెండోది, అక్కడ నిర్లక్ష్యం చేస్తే దట్టమైన ప్రాంతం చెల్లించే మూల్యం. బుడమేరు పుట్టేది మైలవరం కొండల్లో, పారేది జి.కొండూరు మీదుగా. 2024 సెప్టెంబరులో ఆ వాగు కట్టలు తెగి విజయవాడలో లక్షలాది మందిని నీట ముంచింది. కొండవాలున చెట్టూ చెరువూ, వాగు గట్టూ సరిగా ఉన్నాయా లేదా అన్నది అక్కడ ఉండే కొద్దిమంది సమస్య మాత్రమే కాదని ఆ వారంలో నగరం తెలుసుకుంది.

మన నిబంధనల్లో ఈ ఎరుక అక్కడక్కడ ఉంది. ఆరోగ్య ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి ఒకటైతే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ లెక్క 30,000, 20,000. అయినా ఇది మనుషుల లెక్కే. చదరపు కిలోమీటరుకు 20 మంది ఉన్నచోట మూడు వేలమంది పోగుపడాలంటే 150 చదరపు కిలోమీటర్లు కావాలి. పురిటి నొప్పులతో ఉన్న మనిషికి ఆ దూరమే ప్రాణాపాయం. విద్యాహక్కు చట్టం నిబంధనలు ఇంతకంటే మెరుగు. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు నడకలో ఉండాలన్నాయి, అంటే దూరాన్ని లెక్కించాయి. పిల్లలు తక్కువన్న సాకుతో బడులను కలిపేస్తే ఆ స్ఫూర్తి పోతుంది. తిరువూరు వైపున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో జనం ఏళ్ల తరబడి బాధపడ్డాక గానీ కృష్ణా నీటిని పైపుల్లో తెచ్చే పని కదల్లేదు. ఆ జబ్బు నగర మధ్యలో అంతమందికి వచ్చి ఉంటే అన్నాళ్లు పట్టేదా?

కృష్ణా మెట్టనంతటినీ డెల్టాలా మార్చాలనడం ఈ వాదన ఉద్దేశం కాదు. నదిలో అంత నీరు లేదు, ఉన్నా అన్ని నేలలకూ వరి తగదు. మామిడి, పత్తి, మిర్చి, పశువులు, అడవి కలిసిన బతుకులో ఊళ్లు ఎడంగా ఉండడం సహజం. దాన్ని లోపంగా చూడనవసరం లేదు. మనం చేయాల్సినవి మూడున్నాయి. రోడ్డు, వైద్యం, బడి ఇచ్చేటప్పుడు తలలతోపాటు దూరాన్నీ లెక్కించాలి. ఒక ప్రాంతం గుండా పోయే నీటిలో, అక్కడి నుంచి తవ్విన రాయి మీది రాబడిలో మొదటి వాటా ఆ ప్రాంతానికి రాసిపెట్టాలి. జనం తక్కువన్న కారణం చూపించి జలాశయం, గని, కర్మాగారం పెట్టబోయే ముందు, ఆ తక్కువమంది ఎవరో, దేనిమీద బతుకుతున్నారో కాగితం మీద రాసి, వాళ్ల గ్రామసభ మాట విన్నాకే ముందడుగు వేయాలి. డెల్టాకు నూట డెబ్బై ఏళ్ల కిందట ఒక ప్రభుత్వం భరోసా కల్పించింది. మెట్టకూ మన్యానికీ ఆ మాత్రం భరోసా ఇవ్వడం ఇవాళ్టి ప్రభుత్వాల బాధ్యత, దాన్ని అడగడం ఓటున్న ప్రతి ఒక్కరి బాధ్యత.